చప్పుళ్ళ నోటుబుక్కు

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. కార్లు బాగుచేసే షెడ్డు పెట్టి ముప్పై ఎనిమిదేళ్ళయింది. బండి ఇంకా వీధి మలుపు తిరుగుతుండగానే దాని రోగమేమిటో చెప్పేస్తాడని పేరు. "మూడో ప్లగ్గు పోయింది. ముందు అది మార్చుకుని తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు, తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టకుండానే. బోనెట్ ఎత్తి చూస్తే మూడో ప్లగ్గే. ఒకసారి ఎవరో పందెం కట్టి గోడ అవతల వరసగా అయిదు కార్లు స్టార్టు చేసి పెడితే, అయిదింటి జాతకాలూ చెప్పి, "నాలుగో కారాయన ఇంజను ఆయిలు మార్చి ఏడాది దాటింది, సిగ్గులేదూ?" అన్నాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా కార్లు పెరుగుతూ వచ్చాయి. ఈమధ్య లెక్క పదకొండు దాకా పోయింది.

అంతటి చెవులు రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయి. ముందు పిచ్చుకలు పోయాయి. షెడ్డు రేకుల కింద అవి నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, చప్పుడు మాత్రం లేదు. తర్వాత ఫోను మోగడం పోయింది. ఆ తర్వాత మాటల్లో కొన్ని అక్షరాలు జారిపోవడం మొదలైంది. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. వంటవాడి నాలుకకు రుచి తెలియడం మానేస్తే వాడు మాత్రం ఎవరితో చెప్పుకుంటాడు?

భార్యకు తెలుసు. ఆమెది అదే షెడ్డులో అవతలి సగం. కార్ల సీట్లు విప్పి, స్ప్రింగులు సరిచేసి, కొత్త గుడ్డ వేసి కుట్టడం ఆమె పని. మధ్యలో అడ్డంగా ఒక రెగ్జిన్ తెర. బండి తెచ్చినవాళ్ళు నోట్లో నోట్లో గొణుగుతుంటే తెర పక్కకి లాగి, "ఏంటండీ, బ్రేకు నొక్కితే ఎడమపక్కకి లాగుతోందా?" అని షెడ్డంతా వినబడేలా అడిగేది. మేస్త్రి తల పంకించి పనిలోకి దిగేవాడు. తన గుట్టు తన దగ్గరే ఉందనుకున్నాడు. ఆమె అలాగే అనుకోనిచ్చింది.

అలాంటి రోజుల్లో షెడ్డుకి నీలం కారు వచ్చింది. వచ్చింది అనడం కంటే తెచ్చారు అనడం న్యాయం. ఒక లారీ దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. గుండ్రటి దీపాలు, కోడిగుడ్డు లాంటి వీపు, తలుపు మీద వెండి గీత. తయారై యాభై నాలుగేళ్ళు. వెనకే వచ్చిన ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. ఒకావిడ బడిలో భూగోళం చెప్పి రిటైరైన టీచరు. రెండో ఆవిడ ఆమె ఆడపడుచు, నర్సుగా చేసి మానేసింది. ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకుంటారు కాబట్టి ఎవరు ఎవర్ని పిలిచారో మొహం చూస్తే గాని తెలియదు.

కారు నర్సమ్మది. ఆమె పనిచేసిన డాక్టరు ఆస్పత్రి మూసేస్తూ, "నీకేం కావాలో అడుగమ్మా" అంటే, వసారాలో టార్పాలిన్ కింద నాలుగేళ్ళుగా పడున్న ఈ కారుని అడిగిందట.

"ఊళ్ళో తిరగడానికా?" అని అడిగాడు మేస్త్రి.

"నాలుగు దేశాలు దాటడానికి" అంది టీచరు. సంచీలోంచి పటం తీసి బోనెట్ మీద పరిచింది. ఎర్ర పెన్సిలుతో గీసిన దారి కొండలెక్కి, ఎడారి అంచు వెంబడి పోయి, ఎక్కడో దూరాన ఒక సముద్రం దగ్గర ఆగింది. "ఈ దారి ముప్పై నాలుగేళ్ళు కర్రతో చూపించాను. ఒక్క అడుగు నడవలేదు. ఒకమ్మాయి అడిగింది కూడాను, 'అక్కడ మట్టి ఏ రంగులో ఉంటుంది టీచర్' అని. పుస్తకంలో ఉన్నది చెప్పాను. పుస్తకంలో గోధుమరంగు అని ఉంది."

"విమానంలో పోవచ్చు కదండీ" అన్నాడు మేస్త్రి.

"విమానంలో మట్టి ఎక్కడ కనిపిస్తుంది?" అంది టీచరు.

నర్సమ్మ అందుకుంది. "మా వదినకి మట్టి పిచ్చి. నాకు అంత పెద్ద కారణాలేం లేవు మేస్త్రీ. ఊళ్ళో వాళ్ళందరి నాడీ చూడ్డంతోనే నా బతుకు తెల్లారింది. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే నాలుగూళ్ళు తిరిగొస్తాను."

మేస్త్రి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైర్లు పెళుసుబారి చీలికలేశాయి. రేడియేటర్లో మట్టి, డిక్కీలో ఎలుకల సంసారం. అయినా కింద ఇనుము గట్టిగా ఉంది. కొన్ని బండ్లని చూస్తే చెయ్యి ఊరుకోదు. "ఎప్పటికి కావాలి?" అన్నాడు.

కనుమల్లో మంచు పడితే దారి మూసేస్తారు. పైగా సరిహద్దులు దాటడానికి కారుకి కూడా మనిషికి పాస్‌పోర్టు ఉన్నట్టు ఒక కాగితం ఉంటుందట, దాని మీద తేదీ వేసి ఇచ్చారు. మొత్తం పదమూడు వారాలు.

ఆ పదమూడు వారాల్లో పదకొండు, మేస్త్రి జీవితంలో బాగా గడిచిన రోజుల్లో లెక్క. ఇంజను కిందికి దించి ముక్కముక్కగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, పాత దుప్పటి మీద వరసగా పేర్చాడు. బ్రేకు గొట్టాలన్నీ మార్చాడు. ఎలుకలు కొరికిన వైర్లు పీకేసి కొత్తవి వేశాడు. పెట్రోలు ఎక్కడ ఎలాంటిది దొరుకుతుందో తెలియదని పెట్రోలు గొట్టంలో రెండో ఫిల్టరు పెట్టాడు. కింద రాళ్ళు తగలకుండా ఇంజను పొట్టకి రేకు కవచం కట్టాడు. అవతల భార్య సీట్లు విప్పి, కూలబడ్డ స్ప్రింగులు కొత్తగా కట్టి, ముదురు ఎరుపు గుడ్డ వేసి కుట్టింది. "నీలం కారుకి ఎరుపు సీట్లేంటి?" అని ఆయనంటే, "లోపల కూర్చునేవాళ్ళకి కారు నీలమని తెలుస్తుందేంటి?" అంది.

టీచరు రోజూ పొద్దున పదింటికల్లా వచ్చి స్టూలు వేసుక్కూర్చునేది. ఏది విప్పినా "ఇదేం చేస్తుంది?" అని అడిగేది. బడిపిల్లల ప్రశ్నలకి జవాబు చెప్పీ చెప్పీ విసిగిన ప్రాణం, ఇప్పుడు తనే పిల్లయి కూర్చుని కసి తీర్చుకుంటోందని నర్సమ్మ వేళాకోళం. మేస్త్రి ఓపిగ్గా చెప్పేవాడు. ఆమె గొంతు అదృష్టం కొద్దీ వెనక బెంచీ దాకా వినిపించే గొంతు. ఆమెతో ఆయనకి ఇబ్బంది లేదు.

చక్రాల బేరింగుల దగ్గర మాత్రం ఒక పొరపాటు జరిగింది. మూడు చక్రాలకి పాతవి అరిగిపోయాయని కంటికే తెలిసింది, మార్చేశాడు. ముందువైపు కుడి చక్రానిది చూపుకి బాగానే ఉంది. చక్రం గిర్రున తిప్పి, ఎప్పటిలాగే తల వంచి విన్నాడు. ఏమీ వినిపించలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఏమీ వినిపించకపోవడం అంటే అంతా బాగుందనే అర్థం. గ్రీజు పెట్టి మూసేశాడు.

బయల్దేరడానికి పదిహేను రోజులుందనగా పరీక్షకి ఊరి బయట కొండదారి ఎక్కించారు. టీచరు నడుపుతోంది. పక్కన మేస్త్రి, వెనక సీట్లో నర్సమ్మా మేస్త్రి భార్యా. కారు మహారాజులా ఎక్కింది. దిగుతుండగా టీచరు అంది, "మేస్త్రీ, ఎక్కడో సన్నగా ఈల వేస్తున్నట్టు లేదూ?"

మేస్త్రి తల వంచాడు. "కొత్త టైర్లు కదా, రోడ్డు చప్పుడు."

"టైరు చప్పుడులా లేదే. వంపు తిరిగితే ఎక్కువవుతోంది."

"ఏం లేదండీ. నేను వింటున్నాగా!"

మేస్త్రి భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఈల ఆమెకి స్పష్టంగా వినిపిస్తోంది. కుడిపక్క ముందు నుంచి, సూది మొనలా. రెండేళ్ళుగా ఆయన మాటకి అడ్డం పడకుండా, ఆయన చిన్నబోకుండా కాచుకొచ్చింది. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే అదీ గడిచిపోతుంది. కారులో ఆ ఇద్దరు ఆడవాళ్ళ తలలు. ఒకటి స్టీరింగు ముందు, ఒకటి తన పక్కన. వీళ్ళు వెళ్ళేది ఈ కొండకి కాదు, ఇంతకు పదింతల కొండలకి.

"ఉందండీ" అంది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె ముందుకి వంగి, భుజం మీద చెయ్యేసి, ఆయన తన మొహం చూసేలా చేసి మళ్ళీ అంది. "చప్పుడు ఉంది. మీకు వినిపించట్లేదు."

షెడ్డు దగ్గర దిగి మేస్త్రి చేతులు కడుక్కుని ఇంటికి నడిచిపోయాడు. సాయంత్రం నాలుగింటికి ఆయన షెడ్డు వదిలి వెళ్ళడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

రెండు రోజులు షెడ్డుకి రాలేదు. ఇంట్లో కుళాయి వాషర్లు మార్చాడు, కారని కుళాయిలవి కూడా. భార్యతో ముక్తసరిగా మాట్లాడాడు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాడు. "ఎప్పటి నుంచి తెలుసు?"

"పిచ్చుకలప్పటి నుంచి" అంది. "రేకుల కేసి చూస్తూ నిలబడిపోయారు చూడండి, ఆ రోజు."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదుగా!"

ఆయన కోపం తెచ్చుకుందామని చూశాడు. అది రాలేదు. రెండేళ్ళుగా ఆమె ప్రతి మాటా ఎందుకు రెండుసార్లు అంటోందో, తెర ఎందుకు మాటిమాటికీ లాగుతోందో, అంతా ఒక్కసారిగా అర్థమై అన్నం ముందు తల వంచుకు కూర్చున్నాడు. "చాదస్తం అనుకున్నానే" అన్నాడు చివరికి.

"అదీ ఉంది" అంటూ ఆమె పెరుగు వడ్డించింది.

ఆ సాయంత్రమే నర్సమ్మ ఒంటరిగా ఇంటికి వచ్చింది. మాటలేం పెట్టుకోకుండా తన చేతి గడియారం విప్పి, ఆయన కుడిచెవి పక్కన పట్టుకుంది. తర్వాత ఎడమచెవి పక్కన. ఎడమవైపు, చెవికి ఆనిస్తే, ఎక్కడో చీమ నడిచినట్టు. కుడివైపు అదీ లేదు.

"సుత్తి దెబ్బల మధ్య నలభై ఏళ్ళు బతికావు. చెవి మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?" అంది. "పెద్దాస్పత్రిలో చెవుల డాక్టరుకి ఉత్తరం రాసిస్తాను. మిషను పెడతారు. సిగ్గుపడితే నీ ఇష్టం. కళ్ళద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడి రోడ్డు దాటుతూ కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను."

మర్నాడు మేస్త్రి షెడ్డుకొచ్చి కుడి చక్రం పైకెత్తాడు. ఈసారి తల వంచలేదు. ఎడమచేత్తో చక్రం తిప్పుతూ కుడి అరచెయ్యి స్ప్రింగు మీద ఆనించాడు. చేతికి తెలిసింది. ఇసుక మీద పళ్ళెం జరిపినట్టు సన్నటి గరుకు. విప్పి చూస్తే బేరింగు గుండ్ల మీద చిన్న చిన్న గుంటలు. ఇంకో అయిదారు వందల మైళ్ళు తిరిగితే అది పట్టేసేది. ఎక్కడ పట్టేసేదో ఆలోచించడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

కొత్త బేరింగు వేసి, టీచరు రాగానే పాతది ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నా తప్పు. వినిపించకపోయినా వినిపించినట్టు నటించాను. ఈ బండిని ఇంకో మేస్త్రికి చూపించుకోండి. పై వీధిలో మంచి కుర్రాడున్నాడు, నేనే మాట్లాడతాను."

టీచరు బేరింగుని వేళ్ళతో తడిమి చూసింది. "విప్పిందెవరు?"

"నేనే."

"కనిపెట్టింది?"

"నేనే, చేత్తో..."

"బళ్ళో తప్పు రాసిన పిల్లాడు తనే దిద్దుకుంటే వాణ్ణి బయట నిలబెట్టేదాన్ని కాదు" అంది టీచరు. "బాగా ఆలోచించి చెప్పండి. ఇంకో మేస్త్రి చెవులు ఎంత మంచివైనా మాతో కారులో వస్తాయా? రావు. దారిలో చప్పుడు చేస్తే వినేది నేను. అది ఏ చప్పుడో నాకు తెలియదు. మీకు తెలుసు."

తన చెవులు పోతున్నాయనే గాని, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ చెవులు విన్నదంతా ఎక్కడికీ పోలేదని మేస్త్రికి అంతవరకూ తోచలేదు.

మిగిలిన పదకొండు రోజులూ పాఠాలు నడిచాయి. ఇప్పుడు స్టూలు మీద టీచరు కళ్ళు మూసుకుని కూర్చునేది. మేస్త్రి బాగున్న కారుని కావాలని పాడుచేసేవాడు. ఫ్యాన్ బెల్టు వదులు చేసేవాడు, ఒక ప్లగ్గు తీగ పీకేవాడు, వాల్వు సందు పెంచేవాడు. ఆమె విని, చప్పుడుకి పేరు పెట్టేది. ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి అవునో కాదో చెప్పేవాడు.

"టకటక."

"టకటక కాదు, సరిగ్గా వినండి. టకటక అంటే తలుపు కొట్టినట్టుండాలి."

"అయితే... టిక్కు టిక్కు. కుట్టుమిషను సూదిలా."

"అదీ! అది వాల్వు. భయం లేదు, ఆ పూట ప్రయాణం చేసి సాయంత్రం చూసుకోవచ్చు. తలుపు కొట్టినట్టు లోపల్నుంచి దడదడా వస్తే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. ఒక్క గజం కూడా పోకూడదు."

టీచరు అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఒక పక్క చప్పుడు, ఎదురుగా కారణం, దాని పక్కన మందు. కీచుమంటే బెల్టు. బుస్సుమంటే నీటిగొట్టం. ఎత్తు ఎక్కుతుంటే సీసాలో గోళీలు ఆడించినట్టుంటే పెట్రోలు నాసిరకం. కిర్రుమంటే తలుపు, నూనె చుక్క వేసి మర్చిపోవచ్చు. ఫట్‌ఫట్‌మంటే పొగగొట్టం అతుకు. గుర్రు, గరగర, గలగల, చిటచిట, అన్నిటికీ పేజీలు. నర్సమ్మ తన పాత స్టెతస్కోపు తెచ్చి డైనమో మీద పెట్టి, "ఊపిరి తీసుకో, వదులు" అంటూ విని, "రోగికి ఆయాసంగా ఉంది, రెండు రోజులు పనికి పంపకండి" అని ప్రకటించింది. డైనమోకి ఏమీ కాలేదు గాని స్టెతస్కోపు కారు సామాన్లలో చేరిపోయింది.

ఒక్కొక్కసారి చప్పుడుకి పేరు కుదరక టీచరూ మేస్త్రీ వాదించుకునేవాళ్ళు. అప్పుడు తెర అవతల నుంచి మేస్త్రి భార్య తీర్పు చెప్పేది. "అది గరగర కాదు టీచరుగారూ, బరబర." ఆమెకీ ఇన్నాళ్ళుగా అన్నీ వినీ వినీ వచ్చేశాయన్న సంగతి అప్పుడే బయటపడింది. మేస్త్రి తెర వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఆ వారంలోనే తెర విప్పేశారు. దుమ్ము సీట్ల మీద పడుతుందని మొదట గునిసింది గాని ఆమె కూడా మళ్ళీ కట్టమనలేదు.

బయల్దేరే రోజు పొద్దున డిక్కీలో సామాను సర్దారు. రెండు ఫ్యాన్ బెల్టులు, ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ అందించే పాయింట్లు, గ్యాస్కెట్లు, నీటిగొట్టాలు, ట్యూబులు, తీగ చుట్ట, జాకీ. ఏది ఎక్కడుందో మేస్త్రి మూత లోపల బొమ్మ గీసి అతికించాడు. నర్సమ్మ మందుల పెట్టె అందులో పట్టక వెనక సీటెక్కింది. టీచరు నోటుబుక్కు ఒడిలో పెట్టుకుని కారు స్టార్టు చేసింది. ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని వింది. "బాగుంది" అంది.

మేస్త్రి బోనెట్ మీద చెయ్యి ఆనించి చూశాడు. "బాగుంది" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిన వారానికి ఆయన చెవి మిషను వచ్చింది. మొదటి రోజు పెట్టుకుని షెడ్డంతా తిరిగి, "ఇంత గోలలో మనుషులు ఎలా పనిచేస్తున్నారే?" అని భార్యని అడిగాడు. ప్లాస్టిక్ సంచుల చప్పుడు భరించలేకపోయాడు. పిచ్చుకలు మాత్రం పూర్తిగా రాలేదు. పెట్టుకున్నా సన్నటి చప్పుళ్ళు కొన్ని అందవని డాక్టరు ముందే చెప్పాడు. ఆ విషయం బండి తెచ్చినవాళ్ళతో తనే చెప్పడం మొదలుపెట్టాడు. "నా చెవులు సగం. మా ఆవిడ కూడా వింటుంది, ఇద్దరం కలిసి చెబుతాం." ఇద్దరు ముగ్గురు పై వీధికి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉండిపోయారు.

పంతొమ్మిదో రోజున టీచరు నుంచి ఫోను వచ్చింది. మిషనుతో ఫోను పట్టుకుంటే కీచుమని అరుస్తోంది, అంచేత భార్య విని, ఆయన మొహం చూస్తూ ఒక్కొక్క మాటే అప్పగించింది. మూడో దేశంలో ఉన్నారు. కొండ మీద, మిట్టమధ్యాహ్నం. కారు దాహమేసి గుటకలు మింగినట్టు చేసి ఆగిపోయిందట.

"ఆగి చల్లారాక నడిచిందా అని అడుగు" అన్నాడు మేస్త్రి.

"నడిచి మళ్ళీ ఆగిందట. అయితే ఆవిడ ఫోను చేసింది అడగడానికి కాదట."

"మరి?"

"ఈ చప్పుడు నోటుబుక్కులో లేదట. ఎత్తు మీద, ఎండలో, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందేమో అనుకుని, పంపుకీ గొట్టానికీ తడిబట్ట చుట్టిందట. ఇప్పుడు బాగానే పోతోందట. తను చేసింది కరెక్టేనా అంటోంది."

ఆ పాఠం చెప్పడం మేస్త్రే మర్చిపోయాడు. "కరెక్టే" అన్నాడు. "బుక్కులో రాసుకోమను. నాకూ ఒక కాపీ కావాలని చెప్పు."

నలభై ఒకటో రోజుకి వాళ్ళు సముద్రం చేరారు. ఒక ఉత్తరం వచ్చింది. కవరులో చిన్న పొట్లం, అందులో గుప్పెడు మట్టి. ఆ మట్టి గోధుమరంగు కాదు, ఎండిన గులాబీ రేకు రంగు. ఎడారి అంచున ఆగి తీశానని టీచరు రాసింది. అప్పుడు అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో కనుక్కుంటున్నానని కూడా రాసింది.

ఆ తర్వాత మళ్ళీ ఫోను. ఈసారి మేస్త్రి మిషను తీసి జేబులో పెట్టుకుని, స్పీకరు నొక్కి, ఎడమచెవికి దగ్గరగా పట్టుకుని తనే విన్నాడు. కారు కాగితానికి ఇంకా మూడు నెలల గడువుందట. ఇంతదూరం వచ్చి తిరిగొచ్చేయడం దేనికని, పక్క దేశం కూడా చూసి వస్తారట. పాయింట్లు ఒక జతా, ఒక బెల్టూ పార్సిలు చేయాలట.

"తిరిగొస్తారా అసలు వీళ్ళు?" అని విసుక్కుంటూనే మేస్త్రి అట్టపెట్టె వెతికాడు. బెల్టు చుట్టి, పాయింట్లు నూనెగుడ్డలో కట్టి పెట్టాడు. భార్య వచ్చి దాని మీద ఎర్రగుడ్డతో కుట్టిన చిన్న దిండు ఒకటి నొక్కి పెట్టింది.

"ఇదెందుకు?"

"నర్సమ్మగారి నడుముకి. రోజంతా కూర్చుని కూర్చుని నొప్పి పుడుతోంది పాపం."

"నొప్పని నీతో ఎప్పుడు చెప్పింది?"

"చెప్పలేదు. మీరు మాట్లాడుతున్నప్పుడు వెనక మూలుగు వినిపించింది. మీకు వినిపించలేదా?"

"వినిపించకేం!" అన్నాడు మేస్త్రి, పెట్టె మూత నొక్కి తాడు బిగిస్తూ. "సీటు స్ప్రింగనుకున్నాను."